వేగానికి ఉపసంహారం

అస్త్రవిద్యకు ప్రయోగం, ఉపసంహారం అని రెండు అంగాలున్నాయి. మహాభారతంలోని సౌప్తిక పర్వంలో అర్జునుడు, అశ్వత్థామ ఒకరిపై ఒకరు మహాస్త్రాలు ప్రయోగించారు. మునుల మాట మన్నించి అర్జునుడు తన అస్త్రాన్ని వెనుకకు తీసుకోగలిగాడు. అశ్వత్థామకు అది సాధ్యపడలేదు. ప్రయోగం మాత్రమే తెలిసినవాని చేతిలోని శక్తి ఎంత అనర్థదాయకమో ఈ ఘట్టం తెలుపుతుంది. నేటి మోటారు వాహనాలకూ ఈ న్యాయమే వర్తిస్తుంది.

నాంపల్లి నుండి లక్డీకాపూల్ మీదుగా ఖైరతాబాదు వైపు సాగే ఒక స్పోర్ట్స్ కారును ఊహించండి. ముందు సిటీ బస్సు, పక్కన ఆటోలు, ఎదుట ఎర్రదీపం. చోదకుడు యాక్సిలరేటర్ పెడల్ మీది నుండి కాలు తీశాడు. కాని పెడల్ పైకి లేవలేదు. ఇంజను శక్తి అధికమైన కొలదీ ఆపద అంత త్వరగా ముంచుకొస్తుంది.

పెట్రోలు కారులో యాక్సిలరేటర్ నేరుగా ఇంధనాన్ని వదలదని చాలామందికి తెలియదు. అది ఇంజనులోకి గాలి వెళ్ళే దారిలోని త్రాటిల్ అనే చిన్న కవాటాన్ని తెరుస్తుంది. గాలికి తగిన పాళ్ళలో ఇంధనం కలుస్తుంది. పాత కార్లలో పెడల్‌ను, త్రాటిల్‌ను ఒక ఉక్కు కేబుల్ కలుపుతుంది. కాలు తీయగానే ఒక స్ప్రింగు కవాటాన్ని మూసివేస్తుంది. నేటి కార్లలో కేబుల్‌కు బదులు విద్యుత్ సంకేతం ఆ పని చేస్తోంది.

పెడల్ పట్టేయడానికి కారణాలు సాధారణంగా చిన్నవే. కాళ్ళ కింది మ్యాటు ముందుకు జరిగి పెడల్‌ను అదిమిపెట్టవచ్చు. కేబుల్ పోగులు తెగి తొడుగులో చిక్కుకోవచ్చు. త్రాటిల్ అంచున మసి పేరుకోవచ్చు. స్ప్రింగు బలహీనపడవచ్చు.

దోషాన్ని క్రమపద్ధతిలో కనిపెట్టాలి. ఇంజను ఆపి, అది చల్లబడిన తరువాత మొదట మ్యాటు తీసి చూడాలి. కేబుల్ ఉన్న కారులో దానిని త్రాటిల్ వద్ద విడదీసి, కవాటాన్ని చేతితో కదిపి చూడాలి. అది పట్టేస్తే దోషం కవాటానిదో, దాని స్ప్రింగుదో అవుతుంది. అది తేలికగా కదిలితే కేబుల్‌నో, పెడల్ ఇరుసునో పరీక్షించాలి. మసిని తగిన ద్రావకంతో, మెత్తని గుడ్డతో తుడవాలి. పోగులు తెగిన కేబుల్‌కు నూనె పూసి సరిపెట్టుకోరాదు, కొత్తది వేయాలి. విద్యుత్ త్రాటిల్‌ను మాత్రం చేతితో బలవంతంగా కదపరాదు. ఆ పనిని నిపుణుడైన మెకానిక్‌కు అప్పగించాలి.

దారిలో ఈ ఆపద ఎదురైతే వంగి పెడల్‌ను లాగే ప్రయత్నం చేయరాదు. బ్రేకును గట్టిగా, ఎడతెగకుండా తొక్కాలి. త్రాటిల్ తెరచి ఉన్నప్పుడు పదేపదే వదిలి తొక్కితే బ్రేకుకు అందే సహాయబలం సన్నగిల్లుతుంది. క్లచ్ తొక్కి గేరును న్యూట్రల్‌లోకి తేవాలి. ఇంజను గర్జించినా చక్రాలకు దాని శక్తి అందదు. కారును ఎడమ పక్కన నిలిపిన తరువాతే ఇంజను ఆపాలి. కదిలే కారులో తాళంచెవిని బయటకు తీస్తే స్టీరింగు బిగుసుకుపోయే ప్రమాదముంది.

ఈ చిన్న దోషం ప్రపంచాన్నే కలవరపెట్టిన సందర్భం ఒకటుంది. 2009 ఆగస్టులో అమెరికాలోని కాలిఫోర్నియాలో సరిపడని మ్యాటు పెడల్‌ను పట్టివేయడంతో ఒక కారు ప్రమాదానికి గురై నలుగురు మరణించారు. 2010 జనవరిలో టయోటా సంస్థ, పెడల్ నిదానంగా లేచే దోషం కారణంగా, ఆ దేశంలో సుమారు 23 లక్షల వాహనాలను మరమ్మతుకు పిలిచింది. పెడల్ యంత్రాంగంలో రాపిడిని తగ్గించే చిన్న ఉక్కు ముక్కను అమర్చడమే ఆ మరమ్మతు. దోషం విద్యుత్ వ్యవస్థలో ఉన్నదేమోనన్న అనుమానంతో నాసా ఇంజనీర్లు కూడా పరిశోధించారు. అటువంటి ఆధారమేదీ కనబడలేదని 2011 ఫిబ్రవరిలో వెల్లడైంది.

విద్యార్థులు నడిపే స్కూటరు, మోటారు సైకిళ్ళకూ ఈ జాగ్రత్త అవసరమే. ఇంజను ఆపి ఉన్నప్పుడు యాక్సిలరేటర్‌ను తిప్పి వదిలితే అది వెంటనే స్వస్థానానికి రావాలి. బయలుదేరే ముందు ఈ పరీక్షకు పట్టేది రెండు క్షణాలే. వాహనం ఎంత వేగంగా పోగలదని అడిగేవారు ఎందరో ఉంటారు. కాలు తీస్తే ఆ వేగం తగ్గుతుందా అని ముందుగా అడిగేవాడే వివేకి.