రేగడి నేలలో పికప్: లిఫ్ట్ కిట్ కావాలా, టైర్లు మారిస్తే చాలా?

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూలు రాసుకునే నాకు ఈసారి చేతికొచ్చిన గ్యాడ్జెట్ కాస్త పెద్దది. దాదాపు రెండు టన్నుల ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్. తిరుపతి జిల్లా శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారైన బండి. ఓనర్ మా తమ్ముడు, అంటే బాబాయ్ కొడుకు. ఊరు అమరావతి దగ్గరే, తాడికొండ వైపు. పంటలు పత్తి, మిర్చి. నేల నల్లరేగడి.

వాడు కొటేషన్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "అన్నయ్యా, 33 అంగుళాల టైర్లు, 3 అంగుళాల లిఫ్ట్. నువ్వు ఊఁ అంటే రేపే అడ్వాన్స్ ఇచ్చేస్తా." మొత్తం రెండున్నర లక్షలు దాటింది. డబ్బులు మిర్చి అమ్మినవి, బాబాయ్‌వి. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: "మీ అన్నయ్య సరేనంటేనే." అంటే తేడా వస్తే తిట్లు నాకే. అందుకే కాగితం మీద స్పెక్స్ చూసి చెప్పకుండా, బండి తీసుకుని పొలం డొంకలోకి వెళ్లాం.

ముందు ఇరుక్కుపోయాం

ముందు రోజు రాత్రి వాన పడింది. డొంకలో రెండు వందల మీటర్లు కూడా పోలేదు, బండి ఆగిపోయింది. 4 హై వేశాం, 4 లో వేశాం. చక్రాలు తిరుగుతున్నాయి, బండి మాత్రం కదలదు. "చూశావా, హైట్ చాలట్లేదు" అన్నాడు తమ్ముడు.

దిగి కిందికి వంగి చూశా. వెనక డిఫరెన్షియల్ గుండుకీ నేలకీ మధ్య ఇంకా బెత్తెడు ఖాళీ ఉంది. ఛాసిస్ ఎక్కడా ఆనలేదు. అసలు సమస్య టైర్లలో కనపడింది. కంపెనీ నుంచి వచ్చిన రోడ్డు టైర్ల గాడుల్లోకి రేగడి దూరి గట్టిగా పట్టేసింది. పైన తారు పూసినట్టు నున్నగా తయారైంది. అలాంటి టైరు ఎంత ఎత్తున్నా జారుతుంది.

ట్రాక్టర్ వచ్చి లాగింది. తోలే పెద్దాయన తాడు విప్పుతూ ఒక మాట అన్నాడు: "రేగడి తడిసినప్పుడు ఎత్తు కాదు బాబూ, పట్టు కావాలి." ఆ ట్రాక్టర్ వెనక టైరు చూస్తే విషయం అర్థమైపోతుంది. కమ్మికీ కమ్మికీ మధ్య అరచెయ్యి పట్టేంత ఖాళీ ఉంటుంది. టైరు తిరుగుతుంటే మట్టి ఊడి బయట పడిపోతుంది.

రేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను ఖనిజం ఎక్కువ. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు తీస్తుంది. ఎండాకాలంలో ఇదే డొంకలో మామూలు కారు కూడా పోతుంది. కాబట్టి ఏదైనా కొనేముందు ఒక ప్రశ్న వేసుకోండి: నా బండి ఆగేది కింద తగిలినందుకా, పట్టు లేకనా? మొదటిదైతే ఎత్తు గురించి ఆలోచించాలి. రెండోదైతే టైరు గురించి.

టైరు మీద అంకెలు

వీ-క్రాస్ టైరు సైజు 255/60 ఆర్18. 255 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, అంటే 153 మి.మీ. 18 అంటే రిమ్ అంగుళాల్లో. మొత్తం ఎత్తు సుమారు 763 మి.మీ. వస్తుంది, అంటే దాదాపు 30 అంగుళాలు.

కొటేషన్‌లో ఉన్నది 285/65 ఆర్18. లెక్కేస్తే సుమారు 828 మి.మీ. తేడా 65 మి.మీ. అనిపిస్తుంది కానీ అందులో సగం ఇరుసు పైన ఉంటుంది. నేల నుంచి ఇరుసు లేచేది 32 మి.మీ. మాత్రమే. దానికి ఇచ్చుకోవాల్సినవి ఇవి:

స్పీడోమీటర్: టైరు 8 శాతం పైగా పెద్దదవుతుంది. పాత టైర్లతో మీటర్ కచ్చితంగా 80 చూపించిన చోట, ఇప్పుడు నిజంగా 87 దగ్గర వెళ్తుంటారు. కిలోమీటర్లు కూడా తక్కువ నమోదవుతాయి.

పికప్: గేరింగ్ అదే 8 శాతం మేర బరువెక్కుతుంది. మైలేజ్ కూడా తగ్గుతుంది.

బ్రేకులు: బరువైన పెద్ద చక్రాన్ని ఆపడానికి అవే పాత బ్రేకులు.

రాపిడి: స్టీరింగ్ పూర్తిగా తిప్పితే వీల్ ఆర్చ్‌కి తగలొచ్చు. పైగా రేగడిలో టైరుకీ ఆర్చ్‌కీ మధ్య సందు లేకపోతే మట్టి అక్కడే పేరుకుంటుంది.

వెడల్పు గురించి కూడా ఒక మాట. మన డొంకల్లో చాలాచోట్ల పైన బురద, కింద గట్టి నేల లేదా కంకర ఉంటుంది. అక్కడ సన్న టైరు బురదను కోసుకుని కిందికి దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఎడ్లబండి చక్రం సన్నగా, ఎత్తుగా ఉండేది ఊరికే కాదు. అదే అడుగు తగలని మెత్తటి నేలలో వెడల్పు టైరు మేలు. అయితే దున్నిన తడి చేలోకి పికప్ దించాల్సిన పనే లేదు, దానికి ట్రాక్టర్ ఉంది.

లిఫ్ట్ ఏం లేపుతుంది, ఏం లేపదు?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. సస్పెన్షన్ లిఫ్ట్ బాడీని, ఛాసిస్‌ని లేపుతుంది. వెనక ఇరుసు మాత్రం చక్రాలకే బిగించి ఉంటుంది కాబట్టి డిఫరెన్షియల్ గుండు ఒక్క మిల్లీమీటర్ కూడా లేవదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే.

లిఫ్ట్ దండగ అని కాదు. రాళ్ల దారిలో, లోతైన గోతుల్లో ముందు బంపర్, పొట్ట భాగం తగలకుండా కాపాడుతుంది. పెద్ద టైరుకి చోటిస్తుంది. కానీ వీ-క్రాస్‌లో ముందు డబుల్ విష్‌బోన్, కాయిల్ స్ప్రింగ్. వెనక లీఫ్ స్ప్రింగులు, అంటే మనవాళ్లు కమాన్ పట్టీలు అనేవి. ముందు వైపు 2 అంగుళాలు దాటి లేపితే సీవీ జాయింట్లు ఏటవాలు కోణంలో తిరిగి త్వరగా అరుగుతాయి. అలైన్‌మెంట్ కుదరడానికి అప్పర్ కంట్రోల్ ఆర్మ్‌లు కూడా మార్చాల్సి రావచ్చు. వెనక గట్టి పట్టీలు వేస్తే ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. మిర్చి టిక్కీలు నాలుగు వేసుకెళ్లేది ఏడాదిలో కొన్ని రోజులే, మిగతా రోజులు బండిలో కూర్చునేది పిన్ని, బాబాయ్. పైగా బండి ఎత్తు పెరిగేకొద్దీ మలుపులో ఒరిగే గుణం కూడా పెరుగుతుంది.

వాగు సంగతి

తమ్ముడి మనసులో అసలు మాట తర్వాత బయటపడింది. "లిఫ్ట్ ఉంటే లాం దగ్గర వాగు పొంగినా దాటెయ్యొచ్చు కదా అన్నయ్యా?"

కొండవీటి వాగు పొంగితే గుంటూరు–అమరావతి రోడ్డు మీద రాకపోకలు ఆగిపోవడం మాకు కొత్త కాదు. కానీ పారే నీరు రెండడుగులుంటే చాలా బండ్లను తోసుకుపోగలదు. పెద్ద టైర్లలో గాలి ఎక్కువ, అవి తేలడానికే సాయం చేస్తాయి. నీళ్ల కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైకి కనపడదు. ఈ ఒక్క విషయంలో నేను అన్నలా కాదు, బాబాయ్‌లా మాట్లాడా: వాగు దాటడం కోసమైతే ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా ఇదే పేచీ రావచ్చు. డొంకలో ఎవరూ ఆపకపోవచ్చు, కానీ బండి ఎక్కువగా తిరిగేది రోడ్డు మీదే.

చివరికి ఏం కొన్నాం?

టైర్లు: అదే 255/60 ఆర్18, కానీ ఆల్ టెరైన్ రకం. మడ్ టెరైన్ బురదలో ఇంకా బాగా పనిచేస్తుంది, కానీ తారు రోడ్డు మీద మోత ఎక్కువ, తడి రోడ్డుపై బ్రేకింగ్ తక్కువ. లోడ్ ఇండెక్స్ పాత టైరు కంటే తగ్గకుండా చూసుకున్నాం.

12 వోల్టుల గాలి పంపు, ప్రెషర్ గేజ్: బురదకి ముందు 22 పీఎస్‌ఐకి దించాం. టైరు నేలకి ఆనే భాగం పొడవవుతుంది. అప్పుడు మెల్లగానే పోవాలి, తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపాలి.

లాగే పట్టీ, షాకిల్స్. పార ఇంట్లోనే ఉంది.

లిఫ్ట్: వద్దన్నా.

మూడు వారాల తర్వాత మళ్లీ వాన పడింది. ఈసారి ఒక రోజు ఆగి మధ్యాహ్నం వెళ్లాం. ముందు ఇరుక్కున్న చోటు 4 లో వేసుకుని, ఆపకుండా మెల్లగా దాటేశాం. కానీ ఆ పైన చేలోకి దిగే చోట ఏటీ టైర్ల గాడులు కూడా నిండిపోయి బండి పక్కకి జారింది. అక్కడితో ఆపి రివర్స్‌లో వెనక్కి వచ్చేశాం. రేగడి పూర్తిగా తడిసిన రోజు బండిని ఇంటి దగ్గర వదిలేయడమే మంచిది.

రెండున్నర లక్షల్లో సగం కంటే ఎక్కువే మిగిలింది. దాంతో బాబాయ్ డ్రిప్ పైపులు మార్పించాడు. తమ్ముడి ముఖం మొదట్లో కాస్త వాడింది గానీ, టైర్లు బిగించాక ఫోటోలు దిగి స్టేటస్ పెట్టుకున్నాడు. 20,000 కిలోమీటర్లు తిరిగాక ఈ టైర్లు ఎంత అరిగాయో కొలిచి మళ్లీ రాస్తా.