సర్కారు భయంలో పుట్టిన తూటా

ఫ్యాక్షన్ సినిమాల్లో సుమో దిగిన ప్రతివాడి చేతిలోనూ తుపాకీ ఉంటుంది. పులివెందుల, జమ్మలమడుగు పల్లెల్లో పేరుమోసినవి మాత్రం నాటు బాంబులు. ప్రాణభయం ఉందని అర్జీ పెట్టి లైసెన్సు రైఫిల్ తెచ్చుకోవాలంటే మన దేశంలో బాగా తెలిసిన పేరు .315. ఆ అంకెను కొనేవాడి అవసరం నిర్ణయించలేదు, ఒకప్పటి తెల్లదొరల భయం నిర్ణయించింది.

1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికి రాగానే కలెక్టరు మన్రో పాలెగాళ్ల ఆయుధబలం మీద పట్టు బిగించాడు. 1878 ఆయుధ చట్టంతో ఆ పట్టు దేశమంతా బిగిసింది. తర్వాత సైన్యానికి .303 వచ్చింది. వేటగాడి పెట్టెలోని తూటా తిరుగుబాటుదారుడి తుపాకీలో పేలితే? 1907 ప్రాంతంలో ఈ అనుమానంతోనే, సైన్యం పాత తుపాకుల కొలతైన .450 రైఫిళ్ల దిగుమతి ఆపేస్తే, లండన్ కంపెనీలు .465, .470 అంటూ కొత్త కొలతలు తీశాయి. బర్మింగ్‌హామ్ బీఎస్ఏ కంపెనీ ఇంకో దారి పట్టింది. సైన్యం .303 అయిన లీ రైఫిల్ బోల్టు అలాగే ఉంచి, ఆస్ట్రియా సైన్యం వాడే మాన్లిఖర్ తూటాకు సరిపడే గొట్టం బిగించింది. ఆ తూటా 8 మిల్లీమీటర్లది. అంగుళాల్లో చెబితే .315.

రెండు తూటాలూ పక్కపక్కన పెట్టి చూస్తే కిటుకు తెలిసిపోతుంది. .303 ఇత్తడి తొడుగు 56 మిల్లీమీటర్ల పొడవు, కాస్త సన్నం. మాన్లిఖర్‌ది 50 మిల్లీమీటర్లే, అడుగు మాత్రం లావు. లావుది .303లో దూరదు, పొడుగుది .315లో కూర్చోదు. పోలీసుల మీదా నమ్మకం అంతంతమాత్రమే: కలకత్తా దగ్గరి ఇషాపూర్ ఫ్యాక్టరీలో .303 రైఫిళ్ల గొట్టాల్లోని మరలు తీసేసి, ఒక్కో తూటా పెట్టి కాల్చే .410 మస్కెట్లుగా మార్చి ఇచ్చారు.

దొరలు పోయినా అంకె పోలేదు. ఆ ఇషాపూర్ ఫ్యాక్టరీయే అయిదు తూటాల మ్యాగజైనుతో .315 స్పోర్టింగ్ రైఫిల్ చేసి జనానికి అమ్మింది. .303 నేటికీ నిషిద్ధ బోరే.

మరి ఆత్మరక్షణకు .315 పనికొస్తుందా? దాదాపు 16 గ్రాముల గుండు సెకనుకు 600 మీటర్ల పైచిలుకు వేగంతో దూసుకెళ్తుంది. యుద్ధభూమిలో దూరాన ఉన్న సిపాయిని కూల్చడానికి చేసిన తూటా ఇది. ఇరుకు సందులో పేలిస్తే ఎదుటి మనిషితో ఆగదు, తలుపు వెనకున్న పసిబిడ్డ దాకా పోతుంది. దొంగను బెదిరించడానికి ఇంత శక్తి ఎందుకో నాకైతే అర్థం కాదు.

ఏ పనికి ఏ తుపాకీ అనే ఎంపికను చట్టం ముందే చేసి పెట్టింది. 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్ ఆత్మరక్షణకు మొదట చూపించేది 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న నున్నటి బోరు తుపాకీనే. పంట కాపలాకైతే మందు దట్టించే తుపాకీ చాలంటుంది. ఊళ్లలో కనిపించే 12 బోరు ఈ నున్నటి జాతిదే. దాని గొట్టానికి సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు తూస్తే ఒక పౌండు. రైఫిలో, రివాల్వరో కావాలంటే తగిన కారణం ఉందని అధికారిని ఒప్పించాలి. ఇడుపులపాయ కొండల కింద శనక్కాయ చేనుకు కాపలా ఉండే రైతుకు .315తో పని లేదు.