కారు ఎత్తు వెనుక స్ప్రింగు కథ

కారు స్ప్రింగుకు రెండు పనులు. బండి బరువును నేలకు కొంత ఎత్తున నిలపడం ఒకటి. చక్రం గుంటలో దిగినా, గడ్డ ఎక్కినా ఆ దెబ్బ బాడీకి తగలకుండా తాను అణిగి, సాగి భరించడం రెండోది. కారును కిందికి దించాలనుకునే వారి కంటికి ఆనేది మొదటి పని మాత్రమే. తక్కువ ఖర్చులో ఇంటి దగ్గర చేసే పద్ధతులన్నీ ఎత్తును తగ్గిస్తూనే, రెండో పనికి కావలసిన జాగాను తినేస్తాయి. సంగారెడ్డి జిల్లాలో, మెదక్ వైపు పోయే జాతీయ రహదారి మీద గుమ్మడిదల, బొంతపల్లి, గడ్డపోతారం ఫ్యాక్టరీలకు సరుకు మోసే లారీలు రోజంతా నడిచే దారుల్లో ఆ జాగా విలువ చాలా ఎక్కువ.

స్ప్రింగు సాగడం దాని మీద పడే బలానికి అనుపాతంలో ఉంటుందన్న నియమాన్ని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. చుట్ట స్ప్రింగుకు ఇంగ్లండులో 1763లోనే పేటెంటు వచ్చింది. అయినా గుర్రపు బగ్గీలను, వాటి వెనుక వచ్చిన మోటారు బండ్లను చాలాకాలం మోసింది కమాన్లే. ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో యూ బోల్టులతో ఇరుసుకు బిగించే కమాను బరువును మోస్తుంది, ఇరుసును దాని చోట నిలుపుతుంది, పట్టీల రాపిడితో ఊపును కూడా కొంత చంపుతుంది. మూడు పనులు ఒక్క భాగంతో జరిగిపోవడం వల్లే లారీల కింద అది ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో తయారుచేసిన చిన్న ట్రక్కులూ కమాన్ల మీదే నడిచాయి.

మెలి కడ్డీది మరో దారి. పొడవాటి ఉక్కు కడ్డీని ఒక కొసన కదలకుండా బిగించి, రెండో కొసను చక్రం చేతికి తగిలిస్తే, చక్రం లేచినప్పుడల్లా కడ్డీ తడిబట్టను పిండినట్టు మెలితిరిగి, మళ్లీ విప్పుకుంటుంది. ఫెర్డినాండ్ పోర్షే దీనికి 1931లో పేటెంటు తీసుకున్నాడు. అంబాసిడర్ కారు ముందు చక్రాలకు ఉన్నవి ఈ కడ్డీలే. సంగారెడ్డి జిల్లాలోనే ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తయారయ్యే శరత్ యుద్ధ వాహనం బరువు పద్నాలుగు టన్నుల పైమాటే. పక్కకు ఆరు చొప్పున ఉన్న దాని చక్రాలనూ మెలి కడ్డీలే మోస్తాయి. ఈ కడ్డీలో ఒక సుగుణం ఉంది. బిగించిన కొసను కొద్దిగా తిప్పి పెడితే బండి ఎత్తు మారుతుంది, కడ్డీ గట్టిదనం మాత్రం అలాగే ఉంటుంది. చుట్ట స్ప్రింగును కోసినప్పుడు ఈ వెసులుబాటు ఉండదు.

కార్లలో చుట్ట స్ప్రింగుకు పెద్దపీట దక్కింది 1930లలో. రోల్స్ రాయిస్ నుంచి అమెరికాలోని కాడిలాక్‌కు వచ్చిన మారిస్ ఓలీ, స్ప్రింగుల గట్టిదనం మార్చి మార్చి నడిపి చూసి గొప్ప సంగతి పట్టుకున్నాడు. గడ్డను ముందు చక్రాలు ముందుగా ఎక్కుతాయి, వెనుకవి క్షణం ఆలస్యంగా ఎక్కుతాయి. వెనుక భాగం కాస్త వేగంగా ఊగేలా స్ప్రింగులు పెడితే అది ముందు భాగాన్ని అందుకుంటుంది, బండి ముందుకూ వెనక్కూ తూలకుండా సమంగా లేచి దిగుతుంది. కాబట్టి ముందు స్ప్రింగులు వెనుకవాటి కన్నా మెత్తగా ఉండాలి. ముందు స్ప్రింగులు మాత్రమే కోసిన కారు ఈ లెక్కను తలకిందులు చేస్తుంది.

తర్వాత అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ స్ప్రింగునూ షాకబ్జర్‌నూ ఒకే నిలువు స్ట్రట్‌గా కలిపాడు. చవక, తేలిక, తక్కువ చోటు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800 ముందు చక్రాలకు ఇవే వచ్చాయి, ఈనాటి చిన్న కార్లన్నిటికీ దాదాపు ఇవే.

బండిని నేలకు దించి నడపడాన్ని ఒక కళగా పెంచినవారు కాలిఫోర్నియాలోని మెక్సికన్ అమెరికన్లు. మొదట్లో డిక్కీలో ఇసుక బస్తాలు వేశారు, స్ప్రింగులు కోశారు. చక్రం రిమ్ము అంచుకన్నా కిందికి కారు భాగమేదీ దిగరాదని 1958లో అక్కడ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది రాన్ అగిర్రే తన కార్వెట్ కారుకు పాత విమానాల హైడ్రాలిక్ పంపులు అమర్చి, కోరినప్పుడు లేపుకొని, కోరినప్పుడు దించుకునే ఏర్పాటు చేశాడు. స్ప్రింగు కోయకుండా ఎత్తు మార్చే ఆ ఏర్పాటు ఇంజనీరింగ్‌గా మెచ్చుకోదగినది.

ఇంటి పద్ధతుల్లో అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా హాని చేసేది స్ప్రింగును గ్రైండర్‌తో కోయడమే. ఉదాహరణకు ఆరు చుట్లున్న స్ప్రింగు మిల్లీమీటరు అణగడానికి 2 కిలోల బరువు కావాలనుకుందాం. చక్రం మీద 300 కిలోలు పడితే అది 150 మిల్లీమీటర్లు అణుగుతుంది. ఒక చుట్టు కోస్తే మిగిలిన అయిదు చుట్లు గట్టిపడి, మిల్లీమీటరుకు 2.4 కిలోలు అడుగుతాయి, అణిగేది 125 మిల్లీమీటర్లే. చుట్టుకూ చుట్టుకూ ఎడం 55 మిల్లీమీటర్లయితే కారు దిగేది 55 కాదు, 30. ఇప్పుడు అసలు లెక్క చూడాలి. రబ్బరు బంప్ స్టాప్ తగిలేలోపు చక్రం పైకి కదలడానికి మొదట 80 మిల్లీమీటర్లు ఉంటే, ఇప్పుడు మిగిలేది 50. స్ప్రింగు 20 శాతం గట్టిపడింది గనుక అదే గుంటకు అవసరమైన కదలిక తగ్గుతుంది, కానీ సుమారు 9 శాతమే. జాగా మాత్రం మూడో వంతుకు పైగా పోయింది. ఆ తేడా అంతా బంప్ స్టాప్ మీద, దాని మీది బేరింగు మీద, చివరికి బాడీ రేకు మీద పడుతుంది. పాత షాకబ్జర్ కొత్త గట్టిదనాన్ని అదుపు చేయలేక బండిని గెంతిస్తుంది కూడా.

గ్యాస్ కట్టర్ వాడితే ఇంకా ప్రమాదం. ఎర్రగా కాలిన చోట ఉక్కు పదును పోయి, కొన్నాళ్లకు అక్కడే కుంగుతుంది లేదా విరుగుతుంది. జాకీ మీద చక్రం వేలాడుతున్నప్పుడు కూడా స్ట్రట్‌లోని స్ప్రింగు నొక్కుడు మీదే ఉంటుంది. సరైన కంప్రెసర్ లేకుండా పైనట్టు విప్పితే అది మనిషిని చంపగలదు. కోసిన స్ప్రింగుకు మరీ పొట్టిదనం వస్తే, చక్రం కిందికి వేలాడినప్పుడు అది తన గిన్నెలోంచి జారుతుంది.

దించిన కారు మలుపులో తక్కువ ఒరుగుతుందని అందరి నమ్మకం. మెక్‌ఫర్సన్ స్ట్రట్లలో అది అన్నివేళలా నిజం కాదు. కారు దిగితే కింది చేతులు బయటి కొసన పైకి వాలుతాయి. అప్పుడు బాడీ ఒరిగే కేంద్రం బరువు కేంద్రం కన్నా ఎక్కువగా కిందికి పోతుంది, రెంటి మధ్య దూరం పెరిగి ఒరిగే బలం హెచ్చుతుంది. చక్రాల కోణాలు మారి టైర్లు ఒక అంచున అరుగుతాయి.

ఇక స్పీడు బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. 2.4 మీటర్ల వీల్‌బేస్ ఉన్న కారు దాని మీద నిలిస్తే రెండు ఇరుసుల మధ్య నేల లేచేది 42 మిల్లీమీటర్లే. అది దించిన కారూ దాటగలదు. చిక్కంతా ఊళ్లలో ఇరుగ్గా, నిటారుగా పోసేవాటితో. 150 మిల్లీమీటర్ల గట్టు మొత్తం చక్రాల మధ్యకు వస్తుంది. 170 మిల్లీమీటర్ల క్లియరెన్సు ఉన్న కారుకు 20 మిగులుతుంది, 30 దించిన కారు ఇంజను అడుగు రాసుకుంటుంది.

కమాన్ల బండిలో, కమాను ఇరుసుకు కింద ఉంటే, రెంటి మధ్య ఉక్కు దిమ్మ పెట్టి పొడవైన యూ బోల్టులు వేస్తారు. గట్టిదనం మారదు గనుక ఇది కోయడం కన్నా మేలు. పట్టీ ఒకటి తీసేయడం మాత్రం బండి బలాన్నే తీసేయడం.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అనుమతించదు. 2019 సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. ట్రాక్ మీదో, సొంత ఆవరణలోనో నడిచే బండికైతే ఆ మోడల్‌కే చేసిన పొట్టి స్ప్రింగులు, వాటికి సరిపడే షాకబ్జర్లు, కురచ బంప్ స్టాప్‌లు నాలుగు చక్రాలకూ కలిపి వేయాలి. చేతుల రబ్బరు బుష్షుల బోల్టులను కారు తన బరువు మీద నేలపై నిలిచాకే బిగించాలి; గాలిలో బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలి మీద ఉండి చిరుగుతుంది. కొంతదూరం నడిపి స్ప్రింగులు కుదురుకున్నాక వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల దిశ సరిచూసుకోవాలి.