సెలవు లేని చోట క్రిస్మస్



డిసెంబరు వచ్చిందంటే మన సంఘాల్లో క్యారల్స్ బృందాలు బయలుదేరతాయి, ఇళ్లమీద నక్షత్రాలు వెలుగుతాయి, 25వ తేదీ ప్రభుత్వ సెలవు. ఇవేవీ లేని క్రిస్మస్‌ను మనం ఊహించలేం. కానీ ఉద్యోగం కోసం థాయ్‌లాండ్ వెళ్లి, బ్యాంకాక్‌కు దూరంగా ఏదో చిన్న పట్టణంలో ఇంగ్లీషు టీచరుగా ఉన్న విశ్వాసికి ఆ రోజు మామూలు పనిదినమే. అలాంటి చోట పరదేశిగా ఉన్న క్రైస్తవుడు ఎలా బ్రతకాలి, పండుగ ఎలా చేసుకోవాలి అన్నది ఈ వారం ఆలోచిద్దాం.

ఆ దేశంలో నూటికి తొంభైమందికి పైగా బౌద్ధులు. క్రైస్తవులు నూటికి ఒకరు, కాస్త అటూ ఇటూగా. క్యాలెండరు కూడా బుద్ధుని లెక్కలోనే నడుస్తుంది. మన 2025 అక్కడ 2568. ఉదయం 8 గంటలకు బడి ఆవరణలో జెండా ఎగురుతుంది, జాతీయ గీతం అవుతుంది, ఆ వెంటనే పిల్లలు బౌద్ధ ప్రార్థన చెబుతారు. సాయంత్రం 6 గంటలకు జాతీయ గీతం మళ్లీ వినిపిస్తుంది. బజారులో నడిచేవారు కూడా చాలాచోట్ల ఆగి నిలబడతారు. విదేశీయుడికి వీసాతో పాటు వర్క్ పర్మిట్ ఉండాలి. ఎక్కువకాలం ఉండేవాడు 90 రోజులకొకసారి తన చిరునామాను ఇమిగ్రేషన్ వారికి తెలియజేయాలి. ఎన్నేళ్లు ఉన్నా తాను పరదేశినన్న సంగతి ఆ కాగితం గుర్తుచేస్తూనే ఉంటుంది.

భాష కూడా ఆ మాటే చెబుతుంది. థాయ్ భాషలో భారతీయులను ‘ఖేక్’ అంటారు. ఆ మాటకు అసలు అర్థం అతిథి. కొందరి నోట అది చులకనగా కూడా వినిపిస్తుంది. చులకనను భరించడం కష్టమే. అయినా ఆ మాటలోని మొదటి అర్థాన్ని పట్టుకోవడం విశ్వాసికి మంచిది. మనం ఈ లోకంలో పరదేశులం, యాత్రికులం అని పేతురు పత్రిక చెప్పింది కదా! అతిథి తన ఇష్టప్రకారం ఇల్లు సర్దడు, ఇంటివారి మర్యాద నేర్చుకుంటాడు. చెప్పులు గుమ్మం బయట విడవడం, ఎవరి తలా తాకకపోవడం, కాళ్లు ఎదుటివారి వైపు చాపకపోవడం, నలుగురిలో గొంతు పెంచకపోవడం అక్కడి మర్యాద.

మరి ఎక్కడ ఆగాలి? ఈ ప్రశ్న మన యౌవనస్థులు అడగవలసినదే. ‘వై’ అంటే చేతులు జోడించి పలకరించడం. మనం ‘వందనాలండీ’ అన్నట్టే అది మనుషులకిచ్చే గౌరవం, అందులో తప్పు లేదు. పిల్లలు ప్రార్థన చెబుతుంటే టీచరు మౌనంగా, మర్యాదగా నిలబడవచ్చు. విగ్రహం ముందు అగరువత్తి వెలిగించి మొక్కమన్నప్పుడు మాత్రం, చిరునవ్వుతో, ఎవరినీ నొప్పించకుండా పక్కకు తప్పుకోవాలి. దానియేలు బబులోను భాష నేర్చుకున్నాడు, వారు పెట్టిన పేరుతో పిలిపించుకున్నాడు, రాజు కొలువులో నమ్మకంగా పనిచేశాడు. ఆరాధన దగ్గర మాత్రం గీత గీశాడు. ఆ రెండూ కలిసినదే సాక్ష్యం.

ఇక డిసెంబరు. పెద్ద దుకాణాల్లో క్రిస్మస్ చెట్టు నిలబడుతుంది, కొత్త సంవత్సరం దాటేదాకా ఉంటుంది. చాలా బడులు ఇంగ్లీషు పాఠంలో భాగంగా క్రిస్మస్ కార్యక్రమం పెడతాయి. విదేశీ టీచరుకు శాంతాక్లాజ్ టోపీ పెట్టి మిఠాయిలు పంచమంటారు. అందులో శిశువైన యేసు పేరు వినిపించకపోవచ్చు. టోపీ పెట్టుకోవడానికి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ‘ఈ పండుగ ఎందుకు?’ అని ఒక విద్యార్థి అడిగితే రెండు మాటల్లో నిజం చెప్పగలిగితే చాలు. డిసెంబరు 31న ఆలయాల్లో అర్ధరాత్రి దాటేదాకా ప్రార్థనలు జరుగుతాయి. మనం వాచ్‌నైట్‌లో ఉండే గడియలే అవి! బ్యాంకాక్‌లో పనిచేసే కొడుకులూ కూతుళ్లూ బస్సులు నిండి సొంతూళ్లకు చేరతారు. అందరూ ఇంటికి వెళ్లే ఆ వారంలోనే పరదేశికి ఒంటరితనం ఎక్కువ.

అయితే ఆ దేశంలో క్రీస్తు పేరు కొత్తది కాదు. ఈశాన్యాన సకోన్ నఖోన్ దగ్గర థా రే అనే క్యాథలిక్ గ్రామం ఉంది. క్రిస్మస్ రోజుల్లో అక్కడ ఇళ్లకు నక్షత్రాలు కడతారు, పెద్ద నక్షత్రాలను ఊరేగిస్తారు. మన పల్లెల నుండి వెళ్లినవారికి అది సొంతూరులా తోచక మానదు. అదే ఈశాన్యంలో, మెకాంగ్ నది ఒడ్డున సోంగ్ఖోన్ గ్రామం ఉంది. 1940లో, ఫ్రెంచివారితో వైరం ముదిరిన రోజుల్లో, క్రైస్తవ్యం విదేశీయుల మతమని చెప్పి విశ్వాసం విడిచిపెట్టమని పోలీసులు ఆ ఊరివారిని బెదిరించారు. డిసెంబరు 16న ఉపదేశి ఫిలిప్ సిఫోంగ్‌ను కాల్చి చంపారు. క్రిస్మస్ మరునాడు, 26న, ఇద్దరు కన్యస్త్రీలనూ ఒక పెద్దామెనూ ముగ్గురు అమ్మాయిలనూ శ్మశానంలో కాల్చారు. ఆ అమ్మాయిలు పదహారేళ్లు దాటనివారు. 1989లో పోపు రెండవ జాన్ పాల్ ఆ ఏడుగురినీ ధన్యులుగా ప్రకటించారు. వారు పుట్టిన నేలమీదే పరదేశులుగా ఎంచబడ్డారు.

‘ఇది విదేశీ మతం’ అన్న మాట మనకూ తెలియనిది కాదు. అందుకే అక్కడికి వెళ్లిన మన బిడ్డ నడవడి తన ఒక్కడి సంగతి కాదు. అతడు గర్వంగా మాట్లాడినా, వారి ఆచారాలను ఎగతాళి చేసినా, ఆ నింద అక్కడి చిన్న సంఘం మీద పడుతుంది. చెరలో ఉన్న పట్టణం క్షేమం వెదకండి, దానికోసం ప్రార్థించండి అని యిర్మీయా 29వ అధ్యాయంలో దేవుడు తన ప్రజలకు చెప్పిన మాట ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది.

మరి మన సంగతి? మీ సంఘం నుండి థాయ్‌లాండ్‌కు గానీ, పండుగ సెలవు లేని మరే దేశానికి గానీ వెళ్లినవారి పేర్లు సంఘ పెద్దలు రాసి పెట్టండి. క్రిస్మస్ ఆరాధనలో ఆ పేర్లు చదివి ప్రార్థించండి. దగ్గరలో ఉన్న థాయ్ సంఘానికి వెళ్లమని వారిని ప్రోత్సహించండి; భాష రాకపోయినా బల్ల దగ్గర చోటు ఉంటుంది. థాయ్‌లాండ్ సమయం మనకంటే గంటన్నర ముందు. 25న మన మధ్యాహ్న భోజనాలయ్యాక, సాయంత్రం నాలుగున్నర దాటాక ఫోన్ చేయండి. అప్పటికి వారు పని ముగించుకుని గదికి చేరి ఉంటారు.