బిడ్డ పుట్టగానే గుండె వేగం ఎలా చూస్తారు? ఆ ఆరు సెకన్ల లెక్క వెనుక అసలు సంగతి ఇదే!

కాన్పు అయిపోయింది. కానీ బిడ్డ ఏడుపు వినిపించలేదు. లేబర్ రూమ్ బయట నిలబడ్డ అమ్మమ్మకు, నాన్నకు కాళ్లూ చేతులూ ఆడవు. లోపల మాత్రం నర్సు బిడ్డను తుడిచి, ఛాతీ మీద చిన్న స్టెతస్కోపు పెట్టి, రెండో చేతి వేలితో టక్ టక్‌మని తడుతూ ఉంటుంది. ఆరు సెకన్ల పాటు ఆ తట్లు లెక్కపెట్టి పదితో గుణిస్తే బిడ్డ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో తెలిసిపోతుంది. 12 అయితే 120. వేలితో తట్టేది పక్కనున్న డాక్టరుకు కూడా కనపడాలని.

ఏలూరు సర్వజన ఆసుపత్రిలోనైనా, తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రిలోనైనా, కొల్లేరు పక్కనున్న చిన్న ఆరోగ్య కేంద్రంలోనైనా ఈ లెక్క ఒకటే.

ఇంతకీ గుండె వేగమే ఎందుకు? కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తుల నిండా ద్రవమే ఉంటుంది. పుట్టగానే అక్కడికి గాలి చేరాలి. చేరకపోతే ఆక్సిజన్ అందక గుండె నెమ్మదిస్తుంది. వందలో సుమారు 85 మంది పిల్లలు ఎవరి సాయమూ లేకుండానే ఊపిరి తీసుకుంటారు. మరో పది మందికి తుడిచి, వీపు నిమిరితే చాలు. మిగిలిన కొద్దిమందికే బ్యాగు, మాస్కుతో గాలి పట్టాలి, అదీ మొదటి నిమిషంలోపే. దీన్నే డాక్టర్లు గోల్డెన్ మినిట్ అంటారు. పట్టిన గాలి లోపలికి వెళ్తోందా లేదా అన్నది ముందుగా చెప్పేది గుండే. ఒంటి రంగు మారడం, ఏడుపు రావడం ఆ తర్వాత సంగతి.

వేగం 100 కంటే తక్కువుంటే గాలి పట్టాల్సిందే. ఛాతీ కదిలేలా 30 సెకన్లు గాలి పట్టినా 60 దాటకపోతే అప్పుడు ఛాతీని నొక్కడం మొదలుపెడతారు. మూడు సార్లు నొక్కితే ఒకసారి గాలి.

పూర్వం చాలాచోట్ల బొడ్డుతాడు మొదట్లో వేళ్లతో పట్టుకుని నాడి చూసేవారు. ఇప్పటికీ చూస్తారు. చేతిలో ఏ పరికరమూ లేనప్పుడు పనికొస్తుంది కానీ నాడి అందకపోతే గుండె ఆగిందనుకునే ప్రమాదం ఉంది. స్టెతస్కోపు అంతకంటే నయం. దాంట్లోనూ హడావుడిలో లెక్క తప్పుతుంది, ఎక్కువసార్లు ఉన్నదానికంటే తక్కువే వస్తుంది.

తర్వాతది పల్స్ ఆక్సీమీటర్. బిడ్డ కుడి చేతికే చుడతారు, ఎందుకంటే మెదడుకు వెళ్లే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అక్కడే సరిగ్గా తెలుస్తుంది. కాకపోతే అంకె కనిపించడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మొదటి నిమిషంలో ఆక్సిజన్ 60 నుంచి 65 శాతమే చూపించినా కంగారు అక్కర్లేదు. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకైనా అది 85 దాటడానికి ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. కరోనా రోజుల్లో 94 కంటే తగ్గితే భయపడటం అలవాటైన మనకు ఇది వింతే!

అన్నింటికంటే త్వరగా, కచ్చితంగా చెప్పేది మూడు తీగల ఈసీజీ. 2015 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు దీనికి పెద్దపీట వేశాయి. కానీ ఒంటి తడి తుడవకపోతే స్టిక్కర్లు అంటుకోవు. ఇంకో చిక్కూ ఉంది. గుండెలో విద్యుత్ సంకేతం ఉండి, రక్తం మాత్రం పారని సందర్భాల్లోనూ తెర మీద గీత కదులుతుంది. అందుకే మానిటర్ ఉన్నా స్టెతస్కోపు మెడలో ఉండాలి. మెషిన్ కోసం ఎదురుచూస్తూ గాలి పట్టడం ఆపితే మాత్రం అన్నిటికంటే పెద్ద తప్పు.

గర్భిణి పొట్ట మీద పెట్టి వినే డాప్లర్ వేరు. అది కాన్పుకు ముందు చూసేది, అప్పుడు 110 నుంచి 160 మధ్య ఉంటే మామూలే.

మన దగ్గర ఈ పని నేర్పడానికి 2009లో కేంద్రం నవజాత శిశు సురక్షా కార్యక్రమం మొదలుపెట్టింది. కాన్పు జరిగే ప్రతి చోటా వార్మర్, బ్యాగు, మాస్కుతో ఒక మూల సిద్ధంగా ఉండాలన్నది నియమం. బిడ్డకు ఇంకా సాయం కావాలంటే జిల్లా స్థాయి ఎస్‌ఎన్‌సీయూకు పంపుతారు. ఈ తరలింపు జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం.

అసలు సమస్య కొల్లేరు లంక గ్రామాలది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చివరికి చేరింది కొల్లేరుకే. రోడ్డు మీదకు నీళ్లెక్కితే అంబులెన్సు ఎంత త్వరగా బయల్దేరినా ఏం లాభం? గోల్డెన్ మినిట్ పడవ కోసం ఆగదు కదా. అందుకే వానాకాలంలో నెలలు నిండే గర్భిణిని నొప్పులు వచ్చేదాకా ఊళ్లో ఉంచకుండా, కైకలూరులోనో ఏలూరులోనో చుట్టాల ఇంటికి ముందే చేర్చడం మేలు. ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలో ఏఎన్ఎంతో ముందే మాట్లాడుకోవాలి. కాన్పు గదిలో బ్యాగు, మాస్కు ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంటికొచ్చాక తల్లిదండ్రులు గుండె వేగం లెక్కపెట్టాల్సిన పనిలేదు. పెద్దల వేలికి పెట్టే క్లిప్పు పసికందుకు సరిపోదు, అది చూపించే అంకె నమ్మొద్దు. మీరు చూడాల్సింది ఊపిరి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చినప్పుడు నిమిషం పాటు బిడ్డ పొట్ట కదలికను లెక్కపెట్టేది ఇందుకే. నిద్రలో ఉన్నప్పుడు 60 లేదా అంతకు మించినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి.