సైరన్‌ కోసం చెవులు రిక్కించిన ఊరు

సికింద్రాబాద్‌లో రైలెక్కి కిటికీ పక్కన కూర్చోండి. కాజీపేట, జమ్మికుంట, పెద్దపల్లి దాటేదాకా పొలాలూ చెరువులూ. రామగుండం రాగానే పొగగొట్టాలు కనిపిస్తాయి. మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి... అదంతా బొగ్గు రాజ్యం. ఆ తర్వాత అడవి మొదలవుతుంది. ఆసిఫాబాద్‌ రోడ్‌ స్టేషన్‌ కూడా దాటాక రైలు ఓ ఊళ్లో ఆగుతుంది. పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలు... ‘సిర్‌పూర్‌ కాగజ్‌నగర్‌’.

పేరులోనే ఉంది కదా సంగతంతా! కాగజ్‌ అంటే కాగితం. నదుల పేరిటా దేవుళ్ల పేరిటా రాజుల పేరిటా ఊళ్లున్న మన నేలమీద, తయారుచేసే వస్తువునే ఇంటిపేరుగా పెట్టుకున్న ఊరిది. అలాంటి ఊళ్లో కాగితమే ఆగిపోతే? ఆ ప్రశ్నకు జవాబు చదివి తెలుసుకోవాల్సిన అవసరం ఇక్కడివాళ్లకు లేదు. నాలుగేళ్లపాటు వాళ్లే అనుభవించారు.

కొత్తపేట... కాగజ్‌నగరైంది!

ఒకప్పుడు ఇది కొత్తపేట అనే పల్లె. చుట్టూ వెదురు అడవి, పక్కనే పెద్దవాగు. 1920ల చివర్లో కాజీపేట నుంచి బల్లార్షాకు రైలుమార్గం పూర్తయింది. వెదురు, నీళ్లు, రైలు... కాగితపు మిల్లుకు కావాల్సిన మూడూ ఒకేచోట కుదిరాయి. బొగ్గేమో పక్కూళ్లలోనే దొరుకుతుంది. ఇక కావాల్సింది పెట్టుబడే.

అది నిజాం సంస్థానం పరిశ్రమల మీద దృష్టి పెట్టిన కాలం. 1934లో వరంగల్లులో ఆజంజాహి మిల్లు, 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిశాయి. ఆ వరసలోనే 1938లో సిర్పూర్‌ పేపర్‌ మిల్లు పుట్టింది. 1942లో కాగితం తయారీ మొదలైంది.

అన్నట్టు, కొత్తవాళ్లు తికమకపడే విషయం ఒకటుంది. మిల్లు పేరు సిర్పూర్‌, కానీ అది సిర్పూర్‌లో లేదు! గోండు రాజుల కాలంనాటి కోట ఉన్న పాత సిర్పూర్‌ ఇంకా ముందుకు, మహారాష్ట్ర సరిహద్దు వైపు ఉంటుంది. దాని స్టేషన్‌ ‘సిర్పూర్‌ టౌన్‌’. పేపర్‌ మిల్లుకని వచ్చి అక్కడ దిగితే మళ్లీ వెనక్కి రావాల్సిందే.

1950ల్లో మిల్లు నిర్వహణ బిర్లాల చేతికి వచ్చింది. తర్వాత పొద్దార్‌ కుటుంబానిదైంది. పక్కనే కృత్రిమ పట్టుదారం తీసే సర్‌సిల్క్‌ కూడా వెలిసింది. రెండు ఫ్యాక్టరీలకూ పనివాళ్లు కావాలి. తెలుగువాళ్లు వచ్చారు, మరాఠీవాళ్లు వచ్చారు, ఉత్తరాది నుంచీ వచ్చారు. తూర్పు పాకిస్థాన్‌ నుంచి తరలివచ్చిన బెంగాలీ కాందిశీకులకు ప్రభుత్వం ఈ మండలంలోనే చోటు చూపించింది. వాళ్ల ఊరి పేరు నజ్రుల్‌నగర్‌... కవి నజ్రుల్‌ పేరే! అందుకే ఇక్కడి సంతలో గంటసేపు నిలబడితే తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ, బెంగాలీ, గోండీ... అన్నీ చెవిన పడతాయి. 2011 లెక్కల ప్రకారం పట్టణ జనాభా 57 వేల పైచిలుకే. భాషలకు మాత్రం కొదవలేదు.

వెదురు... వెల్లకాగితం

పిల్లల నోటుపుస్తకంలో మనం చూసే తెల్లకాగితం ఎక్కడ పుడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? వెదురునో కలపనో ముందు చిన్నచిన్న ముక్కలుగా తరుగుతారు. పెద్ద పెద్ద ప్రెషర్‌ కుక్కర్ల లాంటి పాత్రల్లో వేసి, కాస్టిక్‌ సోడా, సోడియం సల్ఫైడ్‌ కలిపిన ద్రావణంలో ఉడకబెడతారు. కలపలోని పీచును పట్టి ఉంచే జిగురు కరిగిపోతుంది. మిగిలిన పీచే గుజ్జు. దాన్ని కడిగి, తెల్లగా చేసి, బోలెడన్ని నీళ్లు కలిపి జల్లెడలాంటి తీగవల మీద పలచగా పారిస్తారు. నీళ్లు కారిపోతాయి, పీచు పొరలా నిలుస్తుంది. దాన్ని రోలర్ల మధ్య నొక్కి, ఆవిరితో వేడెక్కిన డ్రమ్ముల మీద ఆరబెడితే కాగితం! ఉడకబెట్టాక మిగిలే నల్లటి ద్రవాన్నీ పారబోయరు. చిక్కబరిచి బాయిలర్లో మండిస్తారు. ఆవిరీ వస్తుంది, మందులూ తిరిగి దక్కుతాయి.

ఈ పద్ధతిలో గంధకం కలిసిన వాయువులు బయటికొస్తాయి. పేపర్‌ మిల్లున్న ఊళ్లన్నిటికీ ఉండే ఘాటు వాసన అదే. రైలు దిగగానే కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. ఊరివాళ్లకు అది పట్టదు. నిజానికి ఈ ఊరు భయపడింది వాసన వచ్చినప్పుడు కాదు... రానప్పుడు!

నాలుగేళ్ల నిశ్శబ్దం

మిల్లుండే ఊళ్లో గడియారం అక్కర్లేదు. షిఫ్టు సైరన్‌ మోగితే పొయ్యి మీద నీళ్లు పెట్టాలి, మళ్లీ మోగితే క్యారియర్‌ సర్దాలి. పిల్లల బడి, పెద్దల భోజనం, బజారులో బేరం అన్నీ దాని చుట్టూనే. జీతాల రోజున కిరాణా కొట్లో పద్దు తీరుతుంది, మర్నాడు కొత్త పద్దు మొదలవుతుంది. ఈ ఊరికి ఓ దెబ్బ ముందే తగిలింది. 1980ల్లో సర్‌సిల్క్‌ మూతపడింది. ఆ కాలనీ పేరు మాత్రం మిగిలింది. అయినా పేపర్‌ మిల్లుంది కదా అన్న ధైర్యం ఉండేది.

2014 సెప్టెంబరులో ఆ ధైర్యమూ పోయింది. యంత్రాలు ఆగాయి. మొదట్లో అందరూ కొన్నాళ్లేగా అనుకున్నారు. నెలలు గడిచాయి, ఏళ్లు గడిచాయి. మిల్లులో పర్మినెంటు ఉద్యోగం అంటే పిల్లనిచ్చేందుకు వెనకాడని రోజులు పోయి, యాభై ఏళ్ల వయసులో కొత్త పని వెతుక్కునే రోజులొచ్చాయి. కాగితపు యంత్రం నడపడం తప్ప మరోటి తెలియని మనిషికి వేరేచోట ఏం పని దొరుకుతుంది? దెబ్బ మిల్లు గేటు దగ్గరే ఆగలేదు. కలప తోలే లారీ, టీకొట్టు, బట్టల దుకాణం, ట్యూషన్‌ మాస్టారు... ఒక్క గొలుసుకు కట్టిన లంకెలే అన్నీ. 2016 అక్టోబరులో కుమురం భీం ఆసిఫాబాద్‌ జిల్లా ఏర్పడేనాటికి జిల్లాలోని పెద్ద పరిశ్రమ తలుపులు మూసే ఉన్నాయి.

2018లో దివాలా చట్టం కింద జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్‌ ఆమోదంతో మిల్లును జేకే పేపర్‌ సంస్థ తీసుకుంది. రాష్ట్ర ప్రభుత్వం రాయితీలిచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో పునరుద్ధరణ పనులు మొదలయ్యాయి. తుప్పు వదిలించుకుని యంత్రాలు మళ్లీ కదిలాయి. ఇప్పుడు మిల్లు సామర్థ్యం ఏడాదికి లక్ష టన్నులకు పైనే.

ఇదే గీతను అటూ ఇటూ

ఒక్క పరిశ్రమ మీద బతికే ఊళ్ల కథ ప్రపంచమంతా ఒకటే. ఆర్మేనియా కొండల్లో దెబెద్‌ నది లోయలో అలవెర్ది అనే చిన్న పట్టణం ఉంది. రాగి కరిగించడమే ఆ ఊరి బతుకు. అక్కడా పొగ గురించి ఫిర్యాదులు, అక్కడా పొగ ఆగితే ఎలాగన్న బెంగ. చిత్రమేమిటంటే, మన కాగజ్‌నగర్‌ మిల్లుకు తిరిగి ప్రాణం పోసే పని మొదలైన 2018లోనే అలవెర్దిలో రాగి కొలిమి ఆరిపోయింది. అంత దూరమెందుకు, కాగజ్‌నగర్‌ మిల్లుకు అన్నలాంటి వరంగల్లు ఆజంజాహి మిల్లు ఏమైంది? ఒకనాడు వేలమందికి అన్నం పెట్టిన ఆ మిల్లు 1990ల నాటికి చరిత్రలో కలిసిపోయింది. మూతపడ్డ మిల్లు మళ్లీ తెరుచుకోవడం ఎంత అరుదో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అడవి లెక్క

ఇంతకీ ఈ కథలో మాట్లాడనిది ఒకటుంది... అడవి. మిల్లు పుట్టిన 1938 నాటికి ఈ జిల్లా అడవుల్లో గోండులు పోడు భూములు కోల్పోయి, అటవీ సిబ్బందితో నలిగిపోతున్నారు. రెండేళ్లకే, 1940లో, జోడేఘాట్‌ దగ్గర కుమురం భీం నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. ఆ పోరాటం మిల్లు మీద కాదు. కానీ ఒకే అడవి ఒకరికి ముడిసరుకు, మరొకరికి ఇల్లూ పొలమూ అయినప్పుడు ఆ లెక్క ఎవరు సరిచూడాలన్న ప్రశ్న మాత్రం అప్పుడే మొదలైంది.

1988 నాటి జాతీయ అటవీ విధానం కొంత దారి చూపింది. పరిశ్రమలు అడవి మీద కాకుండా రైతులు పెంచే కలప మీద ఆధారపడాలంది. అందుకే ఇప్పుడు కాగితపు మిల్లులకు సుబాబుల్‌, నీలగిరి, సరుగుడు పొలాల నుంచే వస్తున్నాయి. మహారాష్ట్రలోని తాడోబా నుంచి వచ్చే పులులకు కాగజ్‌నగర్‌ అడవులే దారి. బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు కట్టుకున్నాయి. మిల్లు బతకాలి, అడవీ బతకాలి. రెండిట్లో ఏది పోయినా ఈ ఊరికి సగం ప్రాణం పోయినట్టే.

తెరుచుకున్న మిల్లు పాత మిల్లు కాదు. కొత్త యంత్రాలొచ్చిన చోట మునుపటంతమంది అక్కర్లేదు. తండ్రి తర్వాత కొడుక్కి అదే గేటు తెరుచుకుంటుందన్న హామీ ఇప్పుడెవరికీ లేదు. అందుకే ఇక్కడి తల్లిదండ్రులు పిల్లల్ని చదువులకని హైదరాబాద్‌ రైలెక్కిస్తున్నారు. ఆ పిల్లల సంచుల్లో నోటుపుస్తకాలుంటాయి. ఆ పుస్తకాల్లో ఒకటైనా తమ ఊరి కాగితమే కావచ్చు.

ఈసారి కొత్త నోటుపుస్తకం తెరిచినప్పుడు ఒక్కసారి వాసన చూడండి. అందులో ఓ వెదురు అడవి, ఓ వాగు, నాలుగేళ్లు సైరన్‌ కోసం చెవులు రిక్కించిన ఓ ఊరు ఉన్నాయేమో!