తాళం అందని అల

బొమ్మనహళ్ళిలో హోసూరు రోడ్డు వెంట చిన్న కార్ఖానాలకు కొదవలేదు. అటువంటి వొకదానిలో మేము గుమాస్తా పని చేస్తున్నాము. బిల్లులు, స్టోర్సు పుస్తకం, జీతాల రిజిస్టరు, ఇవే మా లోకం. యంత్రాల కడుపులో యేమున్నదో మాకు పట్టదు. అయితే మొన్న ఆ జీతాల రిజిస్టరే మాకు వొక పాఠం చెప్పింది.

మా దగ్గర మరమ్మతయి వెళ్ళిన వేవ్‌ఫారం జనరేటరు వొకటి తిరిగి వచ్చింది. కోరిన ఆకారంలో విద్యుత్తరంగాన్ని పుట్టించే పెట్టె అది. ‘అల తెరమీద నిలవడం లేదు’ అని ఫిర్యాదు. బాగుచేసినవాడు మదనపల్లె వైపు కుర్రవాడు, చేరి యేడాది కాలేదు. ఖర్చు వాడి జీతంలో కోయమని పైనుంచి చీటీ వచ్చింది.

“అన్నా, పెట్టెలో తప్పేమీ లేదు. మామూలు అల పెట్టి చూస్తే నా బల్లమీద నిలిచింది. నేను చెప్తే యెవరు నమ్ముతారు?” అన్నాడు.

కలం మూత తీశాము గాని వ్రాయడానికి చేయి రాలేదు. పెద్ద మేస్త్రీగారిని పిలిచాము. ఆయన జనరేటరుమీద ‘సింక్’ అని వున్న సాకెట్టునుంచి ఆసిలోస్కోపు ‘ట్రిగ్గర్’ సాకెట్టుకు వొక తీగ తగిలించారు. అంతవరకూ పాములా జారిపోతున్న అల గోడమీద బొమ్మలా నిలిచిపోయింది!

సంగతేమంటే, ఆ తెర అలను వొకసారి గీసి వూరుకోదు. సెకనుకు యెన్నోసార్లు వొకదానిమీద వొకటి గీస్తుంది. ప్రతిసారీ వొకే చోట మొదలుపెట్టాలి. మామూలు అలలో ఆ చోటు అదే కనిపెడుతుంది. ఈ అలకో, వొక్కొక్క ఆవృత్తిలో వొకే యెత్తు శిఖరాలు నాలుగు. యేది మొదటిదో దానికెట్లా తెలుస్తుంది? భజనలో పాట యెక్కడ అందుకోవాలో తాళాలవాడు చూపినట్లు, ఆవృత్తి మొదలైనప్పుడల్లా సింక్ సాకెట్టు వొక చిన్న సంకేతం పంపుతుంది.

“రెండు పెట్టెలు కలిసి నడవాలంటే యింకా చిక్కు” అన్నారు మేస్త్రీగారు. ప్రతిదానికీ తన స్ఫటికపు గడియారం వుంటుంది. రెంటికీ పదిలక్షలలో వొకవంతు తేడా వున్నా, రోజు తిరిగేసరికి సెకనులో 86 వేయవ వంతులు యెడమవుతాయి. అందుకని సెకనుకు కోటిసార్లు కొట్టుకొనే వొకదాని గడియారాన్నే తీగతో రెండవదానికి అందిస్తారట.

వింటూ వుంటే మాకు పత్రికలలో చదివిన ఇస్రో సంగతి జ్ఞాపకం వచ్చింది. మన నగరానికి ఆవల బ్యాలాళులో వారి నావిగేషన్ కేంద్రం 2013 మే 28న ప్రారంభమయింది. అక్కడి పరమాణు గడియారాలే మన నావిగేషన్ ఉపగ్రహాలకు ప్రమాణకాలం. ఆ యేడే జూలై 1న శ్రీహరికోటనుంచి వెళ్ళిన మొదటి ఉపగ్రహంలో మూడు రుబీడియం గడియారాలుండగా, మూడూ చెడినట్లు 2017 జనవరిలో బయటపడింది. ఉపగ్రహం ఆకాశంలోనే వున్నది, స్థలం చెప్పడానికి మాత్రం పనికిరాకపోయింది. సెకనులో పదిలక్షలవ వంతు తప్పితే దూరంలో 300 మీటర్లు తప్పు మరి! మన యిల్లు పక్కవీధికి పోతుంది. స్వదేశంలో చేసిన రుబీడియం గడియారంతో ఎన్.వి.ఎస్.-01 శ్రీహరికోటనుంచే 2023 మే 29న వెళ్ళింది.

చీటీ వెనుక మేస్త్రీగారిచేత నాలుగు ముక్కలు వ్రాయించి పైకి పంపాము. కోత కొట్టివేశారు. జనరేటరుతోబాటు గజం తీగ కట్టి పంపి, దాని ఖరీదు మాత్రం బిల్లులో వేశాము.